ఊరికో ముల్లర్

విజయనగర రాజుల కొలువులోని సాయణుడి భాష్యంతో ఋగ్వేదాన్ని 1849 నుంచి 1874 దాకా ఆరు సంపుటాలుగా అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ ఇంటిపేరు మొదట వట్టి ముల్లరే. జర్మనీలో ఎటు చూసినా ముల్లర్లే ఉన్నారని, తన పేరులోని మాక్స్‌ను కూడా ఇంటిపేరులో కలిపేసుకున్నారాయన! అది చదివినప్పటి నుంచి నాకు ముల్లర్ల మీద మోజు పట్టుకుంది.

ముల్లర్ అంటే పిండిమర నడిపేవాడు. మాక్స్ తండ్రి విల్హెల్మ్ ముల్లర్ డెస్సావ్ కవి. ఆయన కవితల్లో రాసిందీ పిండిమర కథే. మరలో పనికి కుదిరిన కుర్రాడు యజమాని కూతురిని ప్రేమిస్తాడు. ఆమె మనసు వేటగాడి మీదికి పోతుంది. కుర్రాడు వాగులో ప్రాణం విడుస్తాడు. 1823లో డెస్సావ్‌లో మాక్స్ పుట్టాడు. అదే ఏడు వియన్నాలో స్వరకర్త షూబర్ట్, జబ్బుతో బాధపడుతూనే, ఆ కవితలకు ఇరవై పాటలుగా బాణీ కట్టాడు. 1827లో విల్హెల్మ్ కవితలతోనే ‘వింటర్‌రైజ’ అనే పాటల మాల కూర్చాడు. ఆ ఏడే ముప్ఫై రెండేళ్ల విల్హెల్మ్ పోయాడు, మరుసటి ఏడు ముప్ఫై ఒకటో ఏట షూబర్ట్ పోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోనే లేదు. సంగీత చరిత్రలో ఇంతకంటే బాధపెట్టే సంగతి నాకు కనబడలేదు.

ఇంతమంది ముల్లర్లు ఎలా వచ్చారంటే, మధ్యయుగాల్లో ఇంటిపేర్లు స్థిరపడేనాటికి దాదాపు ప్రతి ఊరికీ ఓ మర ఉండేది. చాలాచోట్ల రైతు తన గింజలను ప్రభువు మరలోనే ఆడించాలని కట్టడి. పిండి కాజేస్తాడన్న అనుమానంతో మరవాడిని కొన్నిచోట్ల పరువులేని వృత్తులవారిలో కలిపేశారు. ఆ నింద మోసిన పేరే నేడు జర్మనీలో అన్నిటికన్నా ఎక్కువమంది ఇంటిపేరు.

1436లో ఫ్రాంకోనియాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టిన యోహానెస్ ముల్లర్ గొప్ప ఖగోళవేత్త. ఆయన గ్రహ పట్టికలు కొలంబస్ వెంట సముద్రాలు దాటాయి. కానీ లోకం ఆయనను ఊరి పేరుకు లాటిన్ రూపమైన రెజియోమొంటానస్ అనే పిలుచుకుంది. మరవాడి పేరు అలా మరుగున పడిపోవడం నాకు నచ్చదు.

మరలూ పోయాయి. ఆవిరి, కరెంటు మిల్లులు వాగుల పక్కనున్న వాటిని మూలపడేశాయి. 1957లో పశ్చిమ జర్మనీ, మర మూసేస్తే డబ్బిచ్చేలా చట్టమే చేసింది. పిండి చవకయిందేమో గానీ, ఊరంతా కలుసుకునే చోటు ఒకటి పోయింది.

ముల్లర్లకు మాత్రం కొదవ లేదు. రుమేనియాలోని జర్మన్ పల్లెలో పుట్టిన హెర్టా ముల్లర్‌కు 2009లో సాహిత్య నోబెల్ వచ్చింది. ఫుట్‌బాల్‌లో గెర్డ్ ముల్లర్ పశ్చిమ జర్మనీ తరఫున 62 ఆటల్లో 68 గోల్స్ కొట్టాడు, 1974 ప్రపంచకప్ ఫైనల్‌లో గెలుపు గోలూ అతనిదే. తర్వాత అతను బాయర్న్ మ్యూనిక్ రెండో జట్టుకు సహాయ శిక్షకుడిగా ఉన్న రోజుల్లో ఆ జట్టులో థామస్ ముల్లర్ అనే కుర్రాడు ఆడాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు. 2010 ప్రపంచకప్‌లో ఐదు గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచినప్పుడు థామస్ వేసుకున్నది గెర్డ్ నాటి 13వ నంబరు చొక్కానే.