బానెట్ మీద మూతి: సీమ బండ్ల కథ

కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు పోయే హైవే పక్కన ఓ గంట నిలబడి చూడండి. టమాటా క్రేట్లు, ఉల్లిగడ్డ బస్తాలు, చీనీకాయలు, నాపరాళ్ళు... ఏ లోడు చూసినా కింద ఉండేది ఎక్కువగా పికప్పే. వాటిల్లో కొన్నింటికి బానెట్ నడిమధ్యన ఒక నల్లటి మూతి ఉంటుంది, ముందుకి నోరు తెరుచుకుని. దాన్నే స్కూప్ అంటారు. కంపెనీ ఇచ్చింది కాదు, యాక్సెసరీస్ షాపులో కొని పెట్టించుకున్నది. కొంతమంది మొత్తం బానెట్టే మార్చేసి, మూతి ఉన్న ఫైబర్ బానెట్ వేయించుకుంటారు.

ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ మెకానికల్ చదివి, ఆ తర్వాత కోడింగులో పడ్డ బాపతు నేను. నాలాంటి వాళ్ళు మన ఫీల్డులో బోలెడు మంది ఉన్నారని తెలుసు :) చదివింది ఎక్కడా వాడుకోలేదన్న కసి కొద్దీ ఇలాంటివి తవ్వుతుంటాను. ఈ మూతి మా సీమకి ఎలా వచ్చింది, వచ్చి ఏం చేస్తోంది అన్నదే ఇప్పటి సంగతి.

మొదట అమెరికా నుంచి మొదలుపెట్టాలి, తప్పదు. 1964లో పాంటియాక్ జీటీఓ అనే కారు వచ్చింది. దాని బానెట్ మీద రెండు మూతులు. రెండూ ఉత్తుత్తివే, కింద రంధ్రం లేదు. 1965 మోడల్ లో ఆ రెండిటి స్థానంలో ఒకే పెద్ద మూతి పెట్టారు. అదీ అలంకారమే. కాకపోతే ఆ ఏడాది డీలర్ల దగ్గర ఒక కిట్ అమ్మకానికి వచ్చింది. మూతి తెరుచుకుని, కార్బురేటర్ల చుట్టూ ఒక తొట్టి, ఒక ఫోమ్ గాస్కెట్ బిగించుకుంటే బయటి చల్లగాలి నేరుగా ఇంజన్ లోకి పోతుంది. అంటే ముందు యూఐ రిలీజ్ చేసి, తర్వాత బ్యాకెండ్ రాశారన్నమాట. మన ప్రాజెక్టుల్లో చూడనిది కాదు.

షెవర్లే వాళ్ళు ఇంకొంచెం బుర్ర పెట్టారు. 1969 కమారోలో మూతిని ముందుకి కాకుండా వెనక్కి, అద్దం వైపుకి తిప్పారు. బండి పోతుంటే గాలి వచ్చి అద్దం మొదట్లో గుద్దుకుంటుంది కాబట్టి ఒత్తిడి ఎక్కువుండేది అక్కడే. బానెట్ మధ్యలో గాలి పైపైన జారిపోతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక మా ఊరి వైపుకి వద్దాం. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో విల్లీస్ కంపెనీ తన జీపు బానెట్ ఎత్తు పెంచింది. ఈ రెండిటికీ ఏ సంబంధమూ లేదనుకోండి, ఏడాది కలిసిందంతే. కొత్త ఇంజన్ లో ఇన్‌టేక్ వాల్వులు పైన ఉండటంతో ఇంజన్ పొడుగైంది, పాత బానెట్ కింద పట్టలేదు. దాంతో బానెట్ ని పైకి లేపారు. అదే సీజే-3బి. చూడ్డానికి అంత అందంగా ఉండదు, పెట్టెకి మూత పెట్టినట్టు ఉంటుంది. మన దేశంలో మహీంద్రా వాళ్ళు దశాబ్దాల పాటు చేసింది ఈ ఎత్తు బానెట్ జీపునే. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక బి.డి.ఓ. జీపు అంటే పల్లెల్లో ప్రభుత్వమే వచ్చినట్టు. మా తాత తరం వాళ్ళు ఆ జీపు చప్పుడు విని పంచె సర్దుకునేవాళ్ళట.

ఆ జీపులు వేలంలో బయటివాళ్ళ చేతికొచ్చాక అసలు మార్పులు మొదలయ్యాయి. పెట్రోలు ఇంజన్ తాగే తాగుడికి తట్టుకోలేక, దాన్ని దించేసి డీజిల్ ఇంజన్ ఎక్కించేవాళ్ళు. మెటడార్ వ్యాను ఇంజన్ కి మంచి గిరాకీ ఉండేది. బజాజ్ టెంపో వాళ్ళు మెర్సిడెస్ లైసెన్సుతో చేసిన ఓఎం 616 అది. 1980లలో మహీంద్రా కూడా ప్యూజో డీజిల్ ఇంజన్లతో జీపులు అమ్మింది. వేరే ఇంజన్ కి మౌంటింగులు వెల్డింగ్ చేయడం, గేర్ బాక్స్ కి ప్లేటు తయారు చేయడం, రేడియేటర్ పెద్దది వేయడం... ఇదంతా ఏ డ్రాయింగూ లేకుండా షెడ్డులో చేసేవాళ్ళు. డిగ్రీ చేతిలో ఉన్న నాకు ఈ రోజుకీ చేతకాని పని అది. వెనక సీట్లు పొడిగించి, కమాను పట్టీలు అదనంగా వేసి, ఆ జీపుల్లోనే జనాన్ని కుక్కి ఊళ్ళకి తిప్పారు. బస్సు పోని ఊళ్ళకి దిక్కు అవే. బండిని మార్చడం సీమకి కొత్తేం కాదని చెప్పడానికే ఇదంతా. కానీ అప్పుడు మార్చిన ప్రతిదానికీ ఒక పని ఉండేది.

1988లో టాటామొబైల్ పికప్ వచ్చింది. ఆ కుదురు మీదే 1994లో సుమో వచ్చింది. సుమో అంటే జపాన్ కుస్తీ కాదు, టాటా మోటార్స్ ని నడిపిన సుమంత్ మూల్గావ్కర్ పేరులోంచి తీసింది. పది మంది ఎక్కొచ్చు, దుమ్ము రోడ్డు మీద తట్టుకుంటుంది. సీమలో దాన్ని కొన్నది ముఖ్యంగా అద్దెకి తిప్పుకునేవాళ్ళు, పెళ్ళిళ్ళకి, తిరుపతికి. మరి సినిమాల్లో ఏమైంది? 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది, ఇంద్ర, 2003లో ఒక్కడు. తెల్ల సుమోలు వరసగా రావడం, దుమ్ము లేవడం, సుమోలు గాల్లోకి ఎగరడం. ఫ్యాక్షన్ లేదని నేనట్లేదు. ఆ రక్తం నిజమే, పోగొట్టుకున్న ఇళ్ళు మా చుట్టుపక్కలా ఉన్నాయి. కానీ నా మొదటి కంపెనీలో పరిచయం చేసుకున్న ప్రతిసారీ 'కడపా? మీ ఇంట్లో ఎన్ని సుమోలు?' అని అడిగి నవ్వేవాళ్ళు. మొదటి నెల నేనూ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. మా ఇంట్లో ఉన్నది ఒక టీవీఎస్ ఫిఫ్టీ. సుమో 2019లో ఆగిపోయింది గానీ ఆ జోకు మాత్రం ఆగలేదు.

సుమో తర్వాత 2002లో స్కార్పియో. 2009లో దాని ముఖం మార్చినప్పుడు బానెట్ మీద స్కూప్ పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో టయోటా ఫార్చ్యూనర్ మన దేశంలోకి వచ్చింది. దానికీ మూతి ఉంది. ఫార్చ్యూనర్ మూతి మాత్రం నూటికి నూరు పాళ్ళు పని చేసేది. టర్బో గాలిని నొక్కినప్పుడు ఆ గాలి బాగా వేడెక్కుతుంది. వేడి గాలి పల్చన, ఆక్సిజన్ తక్కువ. కాబట్టి ఇంజన్ లోకి పంపే ముందు దాన్ని ఇంటర్‌కూలర్ లో చల్లబరుస్తారు. ఆ మూడు లీటర్ల ఇంజన్ కి ఇంటర్‌కూలర్ ఇంజన్ నెత్తి మీదే ఉండేది. పైనుంచి గాలి తగలాలంటే బానెట్ కి నోరు ఉండి తీరాలి. 2016 నవంబరులో కొత్త ఫార్చ్యూనర్ వచ్చింది. ఇంటర్‌కూలర్ ముందుకి పోయింది, మూతి మాయమైంది. పని లేని చోట తీసేశారు, అంతే సంగతి.

కానీ ఆ ఏడేళ్ళలో సీమలో ఎమ్మెల్యేలు, కాంట్రాక్టర్లు, వాళ్ళ వెనక తిరిగే వాళ్ళు అందరూ తెల్ల ఫార్చ్యూనర్లు, తెల్ల స్కార్పియోలు ఎక్కారు. చూసేవాళ్ళకి ఇంటర్‌కూలర్ కనపడదు కదా, మూతి కనపడుతుంది. మూతి ఉంటే పెద్ద బండి, పెద్ద మనిషి. అక్కడి నుంచి అది యాక్సెసరీస్ షాపుకి దిగింది, షాపు నుంచి పికప్ మీదకి.

మా చిన్నాయన కొడుకు ఒకడు పత్తికొండ మార్కెట్ నుంచి టమాటా తోలతాడు. ఫైనాన్సులో తీసుకున్న పికప్పు, నెల నెలా కంతు. పోయిన వేసవిలో ఫోన్ చేశాడు.

"అన్నా, బండికి స్కూప్ బానెట్ ఏపిస్తామనుకుంటాండా. ఘాట్లో ఇంజన్ యేడెక్కుతాంది. గాలి బాగా తగుల్తాదంట గదా?"

"ఎవుడు చెప్పినాడు?"

"షాపాయప్పే చెప్పినాడు. అయినా సూసేకి గూడా బాగుంటాదిలే న్నా."

రెండో కారణమే అసలు కారణమని ఇద్దరికీ తెలుసు. అయినా మొదటిదాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కర్నూలు, నంద్యాల వైపు ఎండాకాలంలో 43, 44 డిగ్రీలు మామూలే. కడప నుంచి రాయచోటికి పోయే గువ్వలచెరువు ఘాటులో లోడుతో ఎక్కేటప్పుడు బండి నిజంగానే వేడెక్కుతుంది. కాబట్టి పెన్నూ పేపరూ తీశాను.

స్కూప్ లోకి గాలి దూసుకొచ్చి ఇంజన్ లోకి నొక్కుకుంటుందని అంటారు కదా. 80 కిలోమీటర్ల వేగంలో ఆ గాలి ఇచ్చే ఒత్తిడి, మూతి ఎంత బాగున్నా సరే, సుమారు 270 పాస్కల్స్. మామూలు వాతావరణ ఒత్తిడి లక్షా వెయ్యి పైన. అంటే పావు శాతం కాస్త పైన. ఘాటులో లోడుతో 30లో పోయే బండికి ఆ పావు శాతం కూడా రాదు. చల్లగాలి లాభమైతే ఉంది. బానెట్ కింద 70 డిగ్రీల గాలి పీల్చే బదులు బయటి 43 డిగ్రీల గాలి పీలిస్తే సాంద్రత ఎనిమిది శాతం పైగా పెరుగుతుంది. కాకపోతే ఈ కాలం బండ్లు ఇన్‌టేక్ గాలిని గ్రిల్ పక్కనుంచో ఫెండర్ లోంచో బయటి నుంచే తీసుకుంటాయి. ఆ ఎనిమిది శాతం కంపెనీ వాడు ముందే ఇచ్చేశాడు. ఇంటర్‌కూలర్, రేడియేటర్ ముందున్న బండికి పైన మూతి పెడితే ఆ గాలి పోయి తగలడానికి అక్కడ ఏమీ లేదు. పైగా మూతి పెట్టేది బానెట్ నడుమ, గాలి జారిపోయే చోట. డబుల్ టేపుతో అతికించిన మూతికి ఈ లెక్కలన్నీ దండగ, కింద రేకు మూసే ఉంటుంది.

మరి బానెట్టే మార్చేస్తే? పని కష్టమేం కాదు. హింజు బోల్టులు విప్పే ముందు వాటి చుట్టూ మార్కరుతో గీత గీసుకోవాలి. వాషర్ నీళ్ళ పైపు పీకాలి. ఇద్దరు చెరోపక్క పట్టుకుని ఎత్తాలి. కొత్తది పెట్టి బోల్టులు వదులుగా బిగించి, రెండు ఫెండర్ల దగ్గర సందు సమానంగా వచ్చేదాకా జరపాలి. తర్వాతే గట్టిగా బిగించాలి. మొదటిసారి బానెట్ ని దబీమని వేయకూడదు. మెల్లగా దించి, లాక్ సరిగ్గా కూర్చుంటోందా చూడాలి. ఇక్కడే ఫైబర్ బానెట్లతో పేచీ. అచ్చులో తీసినవి ఒకటున్నట్టు ఇంకోటి ఉండదు. సందు ఒకపక్క వేలు దూరేంత, ఇంకోపక్క అసలు ఉండదు. టింకరింగ్ షాపులో పుట్టీ పెట్టి, రాకి, రంగు కొట్టి సరిచేస్తారు. లాక్ మీద నమ్మకం లేకపోతే ముందు రెండు పిన్నులు అదనంగా వేసుకోవాలి. 90లో పోతుండగా బానెట్ లేచి అద్దాన్ని కొడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

డబ్బులు మిగిలించుకోవడానికి పాత బానెట్ నే కోసి మూతి బిగించేవాళ్ళూ ఉన్నారు. బానెట్ కింద ఎముకల్లా పట్టీలుంటాయి, గుద్దుకున్నప్పుడు బానెట్ ఎక్కడ మడవాలో అవే చెబుతాయి. వాటిని కోస్తే ఆ లెక్క పోయినట్టే. కోసిన అంచుకి తుప్పు. పైగా మా నేల సంగతి మీకు తెలియదు. కోవెలకుంట్ల నల్లరేగడి దుమ్ము, బేతంచెర్ల నాపరాతి పొడి, రెండూ పిండి లాగా ఉంటాయి. నోరు తెరిచి పెట్టుకుంటే వైరింగు మీద, బెల్టుల మీద అవే. ఇక వానొస్తే నీళ్ళు.

చట్టం సంగతి కూడా వాడికి చెప్పాను. 2019 జనవరిలో సుప్రీం కోర్టు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద తీర్పు చెప్తూ, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదంది. అదే ఏడాది సవరణలో చట్టవిరుద్ధంగా మార్పు చేస్తే ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. అంతకు ముందు 2017 డిసెంబరులోనే ముందు బంపర్లకి వేసే బుల్ బార్లు కూడదని కేంద్రం చెప్పింది. టేపుతో అతికించిన ప్లాస్టిక్ ముక్క 'మార్పు' కిందికి వస్తుందా అంటే వాదించుకోవచ్చు. కోసిన బానెట్ కి వాదన కష్టం.

నాకు అన్నిటికంటే మింగుడు పడనిది ఇది. ఫార్చ్యూనర్ సొంత బండి, తెల్ల బోర్డు. పదిహేనేళ్ళ దాకా దాన్ని ఎవరూ ఫిట్‌నెస్ కి రమ్మనరు. టమాటా తోలే బండి పసుపు బోర్డు. మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి, తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ కి తీసుకుపోయి నిలబెట్టాలి. అక్కడ బానెట్ చూసి పక్కన పెట్టమంటే ఆ రోజు లోడు పోయినట్టే. టమాటా రేపటిదాకా ఆగదు, కంతు అసలే ఆగదు. రుచి చూపించింది ఒకరు, జరిమానా కట్టేది ఇంకొకరు.

ఇదంతా చెప్తే వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే యేడెక్కేదానికి ఏం జేయాలన్నా?" అన్నాడు. రేడియేటర్ బయటి పొరల్లో మట్టి ఇరుక్కుని ఉంటుంది, ముందు అది కడిగించు, ఫ్యాన్ బెల్టు చూపించు, కూలంట్ బదులు బోరు నీళ్ళు పోయడం మానుకో అన్నాను. కడిగిస్తే అరచెయ్యంత మట్టిపెళ్ళలు ఊడాయంట. ఫోటో పంపాడు.

స్కూప్ కూడా కొన్నాడు లెండి. చిన్నది, టేపుతో అతికించేది. దసరా పూజకి బండికి పెట్టి, నిమ్మకాయల దండ దాని మీదుగా వేశాడు. "పీకేయాలంటే రెండు నిమిషాలన్నా" అన్నాడు. ఫిట్‌నెస్ మార్చిలో ఉంది.