దివిసీమ: ఉప్పెన, వరద, ఉప్పు

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్న ఒండ్రునేలే దివిసీమ. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక అందులోని ఊళ్లే. నది మోసుకొచ్చిన మట్టి కనుక వరి బాగా పండుతుంది. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తే కనుక నీరు ఏ వైపు నుంచి వచ్చినా ముందు ఇక్కడికే వస్తుంది.

ఈ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1న పక్కనే ఉన్న మచిలీపట్నాన్ని సముద్రం ముంచెత్తింది. సుమారు 30,000 మంది చనిపోయారు.

1977 నవంబరు 19, శనివారం. వరి ఇంకా చేలోనే ఉంది. ఆ సాయంత్రం తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. దివిసీమ అక్కడికి తూర్పు దిక్కున ఉండడమే దాని పాలిట శాపమైంది. మన బంగాళాఖాతంలో తుఫాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. అందువల్ల కేంద్రానికి కుడివైపున్న తీరం మీదికి అది సముద్రాన్ని నెడుతుంది. లోతు తక్కువైన చోట ఆ నీరు కిందికి జారే వీల్లేక పైకి లేస్తుంది. దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు మైళ్ల కొద్దీ లోపలికి దూసుకొచ్చింది. సొర్లగొంది వంటి పల్లెల్లో మట్టిగోడల తాటాకిళ్లు నిలవలేదు. తాటిచెట్లకు, తుమ్మలకు కరుచుకున్నవారిలో కొందరు బతికారు. నీరు తీశాక మనుషుల శవాలు, పశువుల కళేబరాలు ముళ్లకంపల్లో చిక్కుకుని కనిపించాయి. మృతులు సుమారు 10,000 మందని ప్రభుత్వ లెక్క. అసలు సంఖ్య అంతకంటే చాలా ఎక్కువని నమ్మేవారే ఎక్కువ. చంపింది గాలి కంటే నీరే. ఎక్కి నిలబడడానికి ఎత్తైన పక్కా కట్టడం ఉంటే ఎంతోమంది దక్కేవారు.

ఆ తర్వాత తీరగ్రామాల్లో తుఫాను షెల్టర్లు లేచాయి, ఇసుకదిబ్బల మీద సరుగుడు తోటలు పెరిగాయి. 1990 మే 9న అంతే భీకరమైన తుఫాను కృష్ణా డెల్టాను తాకింది. ముందుగానే లక్షల మందిని తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు.

సముద్రం కాకపోతే నది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరులో ఇంకా పెరిగి 11.4 లక్షలకు చేరింది. కరకట్టకు లోపల, నది వైపు ఉన్న లంకలు ముందు మునుగుతాయి. అరటి, పసుపు, కంద తోటలు నీట నానితే ఏడాది కష్టం పోయినట్టే.

ఉప్పు మెల్లగా వస్తుంది. ఎగువ జలాశయాల్లో మట్టి ఆగిపోవడంతో డెల్టాకు కొత్త ఒండ్రు తగ్గింది, తీరం అక్కడక్కడా కోసుకుపోతోంది. కాలువ నీళ్లు అందని ఏడాదిలో కాలువ చివరి భూముల్లో ఉప్పు పైకి తేలుతుంది. సముద్రానికి అడ్డుగా నిలిచే మడ అడవులు చేపల, రొయ్యల చెరువుల కోసం చాలాచోట్ల నరికివేతకు గురయ్యాయి.

దివిసీమలోని ఎదురుమొండి దీవి జనం ఏరు దాటేది పంటు మీద. గాలి హోరెత్తితే పంటు కదలదు. అందుకే అక్కడి వారిని తుఫాను తీరం చేరకముందే ఇవతలికి తేవాలి.