అసమర్థుని జీవయాత్ర

త్రిపురనేని గోపీచంద్ (1910–1962) రాసిన తెలుగు నవల. 1940లలో వెలువడింది. తెలుగులో మనోవైజ్ఞానిక నవలకు తొలి ఉదాహరణల్లో ఒకటిగా విమర్శకులు దీన్ని పేర్కొంటారు.

ఇతివృత్తం: కథానాయకుడు సీతారామారావు పేరున్న కుటుంబంలో పుట్టినవాడు. వంశ ప్రతిష్ఠ నిలబెట్టాలన్న తపనతో లెక్కాజమా లేకుండా దానధర్మాలు చేసి, ఉన్న ఆస్తిని పోగొట్టుకుంటాడు. డబ్బుతోపాటే చుట్టూ చేరినవాళ్లూ దూరమవుతారు. బతుకుతెరువు కోసం మరొకరి కింద పనిచేయడానికి అహం ఒప్పుకోదు. తన ఓటమికి కారణాన్ని లోకంలో వెతుకుతూ, ఆ కోపాన్ని భార్య ఇందిర మీద చూపిస్తాడు. క్రమంగా మతి చలించి, శ్మశానంలో అతని జీవితం ముగుస్తుంది.

విశేషాలు: బయటి సంఘటనల కంటే నాయకుడి ఆలోచనలకే రచయిత పెద్దపీట వేశాడు. తనను తాను సమర్థించుకునే అతని తర్కాన్ని వ్యంగ్యంగా విప్పిచూపాడు. హేతువాది త్రిపురనేని రామస్వామి కుమారుడైన గోపీచంద్‌పై ఎం.ఎన్. రాయ్ భావాల ప్రభావం కూడా ఉంది.

పోలిక: అమెరికన్ రచయిత ఎఫ్. స్కాట్ ఫిట్జెరాల్డ్ 1925లో ప్రచురించిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’లోనూ సంపద, ఒంటరితనం, చెదిరిన కలలే ప్రధానం. అయితే గాట్స్‌బీ పోయిన ప్రేమను తిరిగి పొందడానికి డబ్బు కూడబెడతాడు; సీతారామారావు పెద్దల పేరు కాపాడటానికి ఉన్నది ఖర్చు చేస్తాడు. విందులకు వచ్చిన జనం గాట్స్‌బీ అంత్యక్రియలకు రారు. ఇక్కడా ఆస్తి కరిగాక ఆప్తులు మిగలరు.

గోపీచంద్ మరో నవల ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.