ఊటీలో ఇంగ్లీషు కూరలు

ఊటీ వెళ్ళొచ్చామని తెలియగానే మా వీధిలో ఆడవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "చలి ఎలా ఉంది?" అని కాదు, "భోజనం ఎలా ఉంది?" అని. అడగరూ మరి! మే నెల ఎండల్లో కర్నూలు వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళకి, ఇంకెవరో వండి వడ్డిస్తే కూర్చుని తినడాన్ని మించిన విహారయాత్ర ఏముంటుంది? సరస్సూ, తోటా, దొడ్డబెట్టా ఆ తర్వాతి సంగతి.

భోజనం బాగానే ఉందండీ. పొగలు కక్కే అన్నం, సాంబారు, క్యారెట్టూ బీన్సూ కలిపి కొబ్బరి చల్లిన పొరియల్, బీట్‌రూట్ వేపుడు, బంగాళాదుంప కూర. సాయంత్రం టీలోకి వర్కీ అని పొరలు పొరలుగా కరకరలాడే బిస్కట్టు లాంటిది. తినడం మొదలుపెడితే చెయ్యి ఆగదు. చాక్లెట్ల సంగతి మా పిల్లల్నడగండి. కానీ ఆ విస్తరి ముందు కూర్చున్నప్పుడు నాకొకటి తట్టింది. ఈ కూరల్లో ఒక్కదాన్ని కూడా మా అవ్వ తద్దినం నాడు వంటింట్లోకి రానిచ్చేది కాదు. "అవి ఇంగ్లీషు కూరలే! పితృదేవతలకి వాటి పేర్లు కూడా తెలీవు" అనేది.

అవ్వ చరిత్ర పుస్తకాలు చదవలేదు గానీ, ఆవిడన్నది ఊటీ విషయంలో మటుకు అక్షరాలా నిజం. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో ఈ కొండలెక్కాడు. తర్వాత తోడాల దగ్గర ఎకరం రూపాయి చొప్పున నేల కొని, 1822లో రాతి బంగళా కట్టడం మొదలుపెట్టాడు. ఊటీలో మొదటి బంగళా అదే. ఇప్పటికీ ఉంది, ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో. వాగుకి కట్ట వేయించి సరస్సు చేసిందీ, బంగాళాదుంపా బార్లీ లాంటి చలిదేశపు పంటలు ఆ నేలలో వేయించి చూసిందీ ఆయనే.

బొటానికల్ గార్డెన్ పుట్టుక ఇంకా తమాషాగా ఉంటుంది. ఇప్పుడు పూల ప్రదర్శనకి జనం తోసుకుంటూ వెళ్ళే ఆ తోట మొదలైంది పూల కోసం కాదు, కూరగాయల కోసం! 1840లలో ఊటీలో ఉండే దొరలు తలా నెలకు 3 రూపాయలు చందా వేసుకున్నారు. సరసమైన ధరకి తమ దేశపు కూరలు తినాలని ఒక పెరటితోట పెట్టుకున్నారు. మనం చీటీలు కట్టుకోమూ, అలాగన్నమాట. ఆ తర్వాత 1848లో మెకైవర్ అనే తోటల నిపుణుడు లండన్ దగ్గరి క్యూ తోటల నుంచి వచ్చి, ఏళ్ళ తరబడి కష్టపడి దాన్ని ఇప్పుడు మనం చూసే ఉద్యానవనంగా తీర్చాడు. దొరసానుల్లో ఏ ఇల్లాలు "కాస్త క్యాబేజీ దొరికితే బాగుండును" అని ముందుగా నిట్టూర్చిందో పుస్తకాలు చెప్పవు. చందా లెక్కలు రాసేది మగవాళ్ళు కదా!

ఆ తోటలోంచే పైకి నడిచివెళితే తోడాల మందు ఒకటి కనిపిస్తుంది. మందు అంటే వాళ్ళ పల్లె. సగం పీపా బోర్లించినట్టు వంపు తిరిగిన ఇల్లు, వంగి పాకితే గాని దూరలేని గుమ్మం. సల్లివన్ రాకముందు ఇదంతా వాళ్ళ గేదెలు మేసిన పచ్చిక. గేదె వాళ్ళకి పశువు మాత్రమే కాదు, పాల గది వాళ్ళకి గుడి. ఆచారం ప్రకారం పాల పనంతా మగవాళ్ళదేనట, ఆడవాళ్ళు పాలు పితకకూడదు. ఈ మాట చెప్పి మావారి వంక చూశాను. ఆయన వెంటనే దొడ్డబెట్టా వైపు చూశారు.

ఆ పచ్చిక మెల్లమెల్లగా పోయింది. కొంత బంగళాల కిందికి, కొంత టీ తోటల కిందికి, కొంత ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన యూకలిప్టస్ చెట్ల కిందికి. మనం జలుబు చేస్తే రాసుకునే నీలగిరి తైలం ఉంది చూడండి, దాని చెట్టు నీలగిరిది కానే కాదు. ఆ చెట్టు ఈ కొండలకొచ్చి ఇంకా రెండు వందల ఏళ్ళు కాలేదు. సల్లివన్‌కి మాత్రం ఒక న్యాయం చేయాలి. ఈ నేల మీద హక్కు తోడాలదేనని సర్కారుతో వాదించిన అధికారి కూడా ఆయనే. వాదన వాదనగానే ఉంది, నేల మాత్రం తిరిగి రాలేదు.

అక్కడొకావిడ దగ్గర శాలువా కొన్నాను. తెల్లటి గుడ్డ మీద ఎర్ర, నల్ల ఊలుదారాలు. ముందు గీత గీసుకోరు, అచ్చు వేసుకోరు. గుడ్డలోని పోగులు వేలితో లెక్కపెట్టుకుంటూ కుడతారు. రెండు వైపులా ఎంత శుభ్రంగా ఉంటుందంటే ఏది లోపలో ఏది బయటో పోల్చుకోలేం. 2013లో ఈ కుట్టుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. "ఎన్నాళ్ళు పట్టింది?" అని నాకొచ్చిన తమిళంలో అడిగితే, "వంటా పిల్లలూ అయ్యాక కుడతాం అక్కా, రోజులెవరు లెక్కపెడతారు" అంది. ఇంక బేరమాడబుద్ధి కాలేదు.

సెయింట్ స్టీఫెన్స్ చర్చి కూడా చూశాం. 1829లో మొదలుపెట్టి కట్టిన ఆ చర్చికి వాడిన దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పుసుల్తాను మహలువి. ఓడిన రాజు ఇంటి కలప కొండెక్కింది. ఆ ఆవరణలోనే సల్లివన్ భార్య హెన్రియెట్టా, కూతురు హారియట్ సమాధులున్నాయి. ఇద్దరూ 1838లోనే పోయారు. మూడేళ్ళకి ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయాడు, వాళ్ళిద్దరూ ఈ చలిలో ఉండిపోయారు.

ఇదంతా అరవదేశపు కొండ కథ, మనకేం పని అంటారా? ఆగండి. మా కర్నూలు, కడప, కోస్తా జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాజధానిలోవే. 1870 ప్రాంతం నుంచి ఏటా ఎండలు ముదిరేసరికి మద్రాసు సర్కారు ఫైళ్ళతో, గుమాస్తాలతో సహా ఊటీ ఎక్కేసేది. ఆ ఖర్చులో మనవాళ్ళ శిస్తు కూడా ఉంది.

బొటానికల్ గార్డెన్ పైన గవర్నరు బంగళా ఉంది. దాన్ని కట్టించింది డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్, 1870ల చివర్లో. ఆ ఏళ్ళు గుర్తొచ్చాయా? 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. రాయలసీమలో ఇప్పటికీ దాన్ని ధాత కరువు అంటారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. తక్కువ లెక్క వేసినా దక్షిణ దేశంలో 50 లక్షల మందికి పైగా పోయారంటారు. మా అవ్వకి వాళ్ళ జేజి చెప్పేదట. విస్తట్లో మెతుకు వదిలితే మమ్మల్ని తిట్టడానికి అవ్వకి ఆ రెండు మాటలే చాలేవి: "ధాత కరువు!"

ఆ డ్యూక్ రాక్షసుడేం కాదు. ముందే ధాన్యం కొని ఉంచుదామని చూస్తే కలకత్తా సర్కారు కోప్పడింది. కరువు పనుల కింద మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలుపుతూ తవ్విన కాలువ వల్లనే మన కోస్తావాళ్ళెరిగిన ఆ పొడుగాటి కాలువకంతటికీ బకింగ్‌హామ్ కాలువ అని పేరొచ్చింది. కొండ మీద ఆయన బంగళా, కింద ఆయన కాలువ, రెంటికీ అవే ఏళ్ళు.

ఆ కరువు పనుల్లో 1877 జనవరి నుంచి సర్ రిచర్డ్ టెంపుల్ పెట్టిన కూలి ఒకటుంది. రోజంతా మట్టి మోసిన మగవాడికి ఒక పౌను గింజలు, పైన ఒక అణా. జనం చిక్కి శల్యమవుతున్నారని వైద్యాధికారులు మొత్తుకుంటే కొన్ని నెలలకి పెంచారు.

ఊరొచ్చాక ఒకరోజు ఆ పౌను ఎంతుంటుందో చూద్దామని వంటింట్లో తూకం పెట్టాను. దాదాపు 450 గ్రాములు. మా ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసుతో రెండున్నర. మా నలుగురికీ ఒక పూటకి నేను పోసేది మూడు.