కుర్రతనపు వ్యాసానికి పెద్దయ్యాక ఫుట్‌నోట్లు

ఒక పద్యం ఇచ్చి విశ్లేషించమనడం, విద్యార్థి రాసి తెచ్చినదాన్ని అధ్యాపకుడు దిద్దడం ఇంగ్లండులో కూడా మరీ పాత ఆచారమేమీ కాదు. 1900ల తొలినాళ్లలో కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివేటప్పటికి ఆంగ్ల సాహిత్యానికి అక్కడ సొంతంగా ట్రైపాస్ పరీక్షే లేదు. ఆయన చదివింది చరిత్ర. తిరిగొచ్చాక ఆయన విమర్శ గ్రంథం ‘కవిత్వతత్త్వ విచారము’ 1914లో అచ్చయింది. కేంబ్రిడ్జి ఇంగ్లీషు ట్రైపాస్ పెట్టుకున్నది 1917లో. ఈ ముందువెనకలు మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు.

ఆ కొత్త చదువుకు పాఠాలు చెప్పినవాళ్లలో ఐ.ఎ.రిచర్డ్స్ ఒకడు. కవి పేరు తీసేసి పద్యాలు అచ్చువేయించి పంచేవాడు. వారం గడువిచ్చి, తోచింది రాసి, పేరు పెట్టకుండా ఇమ్మనేవాడు. తర్వాతి క్లాసులో ఆ కాగితాలే పాఠం. కవి ఎవరో తెలియకపోయేసరికి డన్‌కీ, హాప్కిన్స్‌కీ, లారెన్స్‌కీ కూడా అక్షింతలు పడ్డాయి. 13 పద్యాల మీద పోగైన ఆ కాగితాలనుంచి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ అనే పుస్తకం పుట్టింది.

రిచర్డ్స్ దగ్గరికి వ్యాసాలు పట్టుకొచ్చే విద్యార్థుల్లో విలియం ఎంప్సన్ ఉన్నాడు. అసలు లెక్కల విద్యార్థి, 1928లో ఇంగ్లీషుకు మారాడు. కవులు రాబర్ట్ గ్రేవ్స్, లారా రైడింగ్ కలిసి షేక్‌స్పియర్ సానెట్ ఒకదాన్ని పొరపొరా విప్పిన తీరు చూసి, ఆ పని ఏ పద్యంతోనైనా చేయవచ్చని గురువుతో అన్నాడు. అయితే వెళ్లి చేసుకురమ్మన్నాడు రిచర్డ్స్. రెండు వారాలకు సుమారు 30,000 మాటల టైపు కాగితాల కట్ట వచ్చిపడింది. 1930లో అచ్చయిన ‘సెవెన్ టైప్స్ ఆఫ్ యాంబిగ్యుటీ’కి అదే గుండెకాయ. ఈలోగా గదిలో గర్భనిరోధక సాధనాలు దొరికాయని కేంబ్రిడ్జిలోని మాగ్డలిన్ కాలేజీ అతని పేరు కొట్టేసి పంపేసింది. అదే కాలేజీ 1979లో గౌరవ ఫెలోగా పిలుచుకుంది లెండి.

అతని పద్ధతి తెలియాలంటే 73వ సానెట్ చాలు. ఆకు రాలిన కొమ్మలు పాడుబడ్డ చర్చిలో గాయకులు కూర్చునే చోటులా ఉన్నాయంటాడు షేక్‌స్పియర్. ఈ పోలిక ఎందుకు కుదిరిందని ఎంప్సన్ తవ్వుతాడు. అదీ పాటలు పాడే చోటే. అక్కడా వరసగా కూర్చుంటారు. అదీ చెక్కతో చేసిందే. దాని చుట్టూ ఒకప్పుడు పూలూ ఆకులలాంటి రంగుటద్దాలుండేవి. ఇప్పుడు మిగిలినవి చలికాలపు ఆకాశం రంగు గోడలు. ఆపైన మఠాలను కూలగొట్టిన చరిత్ర. వీటిలో ఏది ముఖ్యమో తేల్చలేకపోవడమే పద్యానికి బలమని అతని వాదన.

1947లో ఆ పుస్తకం రెండో ముద్రణ సిద్ధం చేసే నాటికి అతనికి నలభై వచ్చాయి. జపానులో, చైనాలో పాఠాలు చెప్పి ఉన్నాడు. తీరా చూసుకుంటే మార్చాలనిపించింది అనుకున్నంత లేదట. పేలవంగా తోచిన కొన్ని విశ్లేషణలు తీసేశాడు. పాత ఫుట్‌నోట్లను పాఠంలోనే కలిపేసి, ఈ ముద్రణలో అడుగున కనిపించేవన్నీ కొత్త ఆలోచనలేనని ముందుమాటలో చెప్పాడు. దాంతో కొన్ని పుటల్లో పైన కుర్రవాడు ఒకటి అంటుంటే కింద పెద్దమనిషి కాదంటుంటాడు. తన తొలి రచనను సవరించబోయిన రచయిత మాక్స్ బీర్‌బోమ్, ఎవరో ముసలి పండితుడు దీన్ని దిద్దితే ఆనాడు తనకెంత ఒళ్లు మండేదో గుర్తుచేసుకున్నాడట. ఆ ముచ్చట కూడా ఎంప్సన్ అక్కడే ప్రస్తావించాడు.

అన్నిటికంటే పెద్ద దిద్దుబాటు పుస్తకం మొదట్లోనే ఉంది. యాంబిగ్యుటీకి, అంటే అనేకార్థతకు, మొదట అతనిచ్చిన నిర్వచనం, వచనంలో సూటిగా చెప్పగలిగినదానికి ఏ కాస్త ఛాయ చేర్చినా సరిపోయేంత వదులైనది. అంత సాగదీస్తే ఆ మాటకు అర్థమే మిగలదని విమర్శ వచ్చింది. ఒకే మాటకు వేర్వేరు స్పందనలకు చోటుండాలని 1947లో నిర్వచనాన్ని బిగించాడు. పాతదాన్ని చెరిపేయలేదు. ఫుట్‌నోటులో ఉంచి, అందులో లోపమేమిటో తనే రాశాడు. పుస్తకం మొత్తంలో ఇంతకంటే నిజాయితీ గల చోటు మరొకటి కనిపించదు.

అయితే దిద్దుకోవడమంటే ఎవరేమన్నా తలూపడమని అతను అనుకోలేదు. ఏడో అధ్యాయంలో కవి జార్జ్ హెర్బర్ట్ ‘ద శాక్రిఫైస్’ కవితను అతను చదివిన తీరు మీద పండితురాలు రోజ్‌మండ్ ట్యూవ్ విరుచుకుపడింది. ఆ భావాలు హెర్బర్ట్ సొంతం కావనీ, చర్చి ఆరాధన సంప్రదాయంలో ఎప్పటినుంచో ఉన్నవేననీ ఆమె అభ్యంతరం. ఎంప్సన్ 1950లో ‘కెన్యన్ రివ్యూ’లో జవాబు రాశాడు. సంప్రదాయం తెలిసినంత మాత్రాన కవితలోని ఘర్షణ పోదని అతని పట్టు.