జవాబు రాని ముప్ఫై ఏళ్ళు

1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ పట్నంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ సంఘం పెద్దలు సమావేశమయ్యారు. ఎదురుగా ఆసియా పటం ఉంది. మిషన్ పని సాగుతున్న ప్రతి ఊరికీ పటం మీద ఒక చుక్క. బర్మా వైపు చుక్కలు గుంపుగా ఉన్నాయి. బంగాళాఖాతానికి ఇవతల, తెలుగు మాట్లాడే నేల మొత్తానికీ కలిపి, నెల్లూరు దగ్గర ఒక్కటే ఉంది. దాన్ని ఉంచాలా, తీసెయ్యాలా అన్నదే ఆ పూట తగువు.

తీసెయ్యమన్నవాళ్ళు భక్తి లేనివాళ్ళేమీ కారు. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. బర్మాలో కరెన్ ప్రజలు వేల సంఖ్యలో క్రైస్తవంలోకి వస్తున్నారు, అక్కడికి పంపడానికి మనుషులు చాలడం లేదు. తెలుగు పనికి పదిహేడేళ్ళుగా డబ్బూ ఆరోగ్యమూ ధారపోస్తున్నా సంఘంలో ఉన్నది గుప్పెడు మంది. ఒక పని దేవుడిదే అయితే ఇంత ఎండిపోయి ఎందుకుంటుంది? ఎవరూ బయటికి అనకపోయినా ఖర్చుల పద్దు వెనక నలుగుతున్న ప్రశ్న అదే.

సభలో ఒకరు పటం మీది నెల్లూరును ఒంటరి నక్షత్రమన్నారు. అమెరికాలో పిల్లలంతా పాడుకునే దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అక్కడే ఉన్నాడు. ఆ రాత్రి ఆ మాట మీదే ఒక చిన్న కవిత రాశాడు. మర్నాడు దాన్ని చదివి వినిపిస్తే చాలామంది కళ్ళు చెమర్చాయని మిషన్ చరిత్రకారులు రాశారు. మొత్తానికి చుక్క మిగిలింది. బోర్డు మీటింగుల తీరు ఎరిగినవాళ్ళకు ఒక సంస్థ భవితవ్యం కవితతో తేలిందంటే అంత తేలిగ్గా నమ్మబుద్ధి కాదు. పైగా ఆ కవిత నెల్లూరు ఎందుకు పండలేదో చెప్పలేదు. ప్రశ్నను అలాగే ఉంచి, దానితోపాటే ఇంకొన్నాళ్ళు నడుద్దామని మనుషుల్ని ఒప్పించింది, అంతే.

ఆ నడక 1835లో మొదలైంది. ఒరిస్సాలో పనిచేస్తున్న ఏమస్ సట్టన్ అనే ఇంగ్లీషు మిషనరీ అమెరికా వెళ్ళినప్పుడు, తెలుగువాళ్ళ కోసం ఎవరినైనా పంపమని అక్కడి బాప్టిస్టులను అడిగాడు. శామ్యూల్ డే ఆ ఏడాది సెప్టెంబరులో బాస్టన్‌లో ఓడెక్కాడు. తెలుగు పని కోసమే ఎంపికైన ఎబ్బట్ అనే మరొకాయన చివరికి బర్మా చేరాడు. ఎందుకోగానీ అందరి అడుగులూ అటే పడుతుండేవి. డే 1836లో విశాఖపట్నంలో దిగాడు. అక్కడ లండన్ మిషనరీ సొసైటీ 1805 నుంచీ పాతుకుని ఉంది. దాంతో ఆయన మద్రాసు వెళ్ళి కొంతకాలం ఉన్నాడు. అక్కడా కుదురుకోక 1840లో నెల్లూరు చేరాడు. ఆ ఏడు సెప్టెంబరులో పెన్నలో మొదటి బాప్తిస్మం జరిగింది. నాలుగేళ్ళకు ఎనిమిదిమందితో సంఘం ఏర్పడింది. తర్వాత డే ఆరోగ్యం చెడింది. ఆయన స్వదేశం వెళ్ళిపోయాక రెండు మూడేళ్ళపాటు నెల్లూరులో దొర అన్నవాడే లేడు. 1849లో లైమన్ జ్యూయెట్‌ను వెంటబెట్టుకుని డే తిరిగి వచ్చాడు గానీ, ఒళ్ళు సహకరించక కొన్నేళ్ళకే శాశ్వతంగా వెళ్ళిపోవలసి వచ్చింది.

ఇక ఒంగోలులో తర్వాత ప్రార్థనకొండగా పేరుపడ్డ కొండ సంగతి. 1854 జనవరి 1 తెల్లవారకముందే అయిదుగురు ఆ కొండెక్కారు. జ్యూయెట్, ఆయన భార్య, నరసు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు. పల్లెల్లో ప్రచారం చేసుకుంటూ నెల్లూరు నుంచి ఒంగోలు దాకా వచ్చినవాళ్ళు. ఊరిలో వాళ్ళకు దక్కిన మర్యాద పెద్దగా ఏమీ లేదు. కొండమీద మోకాళ్ళూని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. అడిగింది ఒక్కటే: ఒంగోలుకు ఒక మనిషిని పంపమని. తిరిగి దిగేటప్పుడు కిందనున్న ఒక స్థలం చూసి, వచ్చేవాడికి బంగళా అక్కడైతే బాగుంటుందని జ్యూయెట్ అన్నాడని బాప్టిస్టు కుటుంబాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. బోర్డు దగ్గర ఉన్న నెల్లూరుకే దిక్కు లేదు. వీళ్ళేమో రెండో ఊరికి మనిషినీ ఇంటినీ అడుగుతున్నారు!

ఆ కొండమీద ఉన్నవాళ్ళలో ముగ్గురు తెలుగువాళ్ళు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. చిత్రమేమంటే, తర్వాత వచ్చిన కథనాల్లో చాలావాటిలో ఇది జ్యూయెట్ ప్రార్థనగానే మిగిలింది. మతం మారితే దూరమయ్యే తల్లిదండ్రులూ చుట్టాలూ కులమూ జ్యూయెట్ దంపతులకు నెల్లూరులో లేరు. నరసు, జూలియా, రూతుల పరిస్థితి వేరు. ప్రార్థన ఫలించకపోతే జ్యూయెట్ ఓడెక్కి వెళ్ళిపోగలడు. ఆ ముగ్గురికీ వెళ్ళే ఊరు లేదు.

ఒకటి, రెండు, మూడేళ్ళు గడిచాయి. మనిషి రాలేదు. 1857 తిరుగుబాటు వచ్చింది, అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది, మిషన్ల ఖజానాలు వట్టిపోయాయి. 1862లో జ్యూయెట్ జబ్బుపడి అమెరికా వెళ్ళేసరికి నెల్లూరు మిషన్ మూసివేత మళ్ళీ చర్చకు వచ్చింది. మీరు పంపకపోయినా నేను వెళ్తాను, తెలుగువాళ్ళ మధ్యే బతికి అక్కడే పోతాను అన్నాడాయన. మొండివాడితో ఏం వాదిస్తారు? అంత పట్టుదలైతే మిమ్మల్ని పూడ్చిపెట్టడానికైనా తోడు ఒకణ్ణి పంపాలి కదా అని సంఘం కార్యదర్శి అన్నాడని ఆ మిషన్ చరిత్ర చెబుతుంది. ఆ తోడుగా వచ్చినవాడే జాన్ క్లౌ. పాతికేళ్ళు దాటిన యువకుడు, సర్వే పనిలో శిక్షణ పొందినవాడు. 1865లో నెల్లూరు వచ్చి, మరుసటి ఏడు ఒంగోలులో కాపురం పెట్టాడు. కొండమీది అయిదుగురూ అడిగిన పన్నెండేళ్ళ తర్వాత.

అయితే ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ళ దూరంలో, తలకొండపాడులో, ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి ఏ మిషన్ నివేదికా ఎరగని దారిలో తన వెతుకులాట తను సాగిస్తున్నాడు. పేరయ్య మాదిగ. చెప్పులు కుడుతూ, తోళ్ళు బేరమాడుతూ, గురువుల దగ్గర యోగం నేర్చుకుని తనవాళ్ళకు నేర్పినవాడు. విగ్రహాలతో పనిలేని ఒకే దేవుడున్నాడని ఆ గురువులు చెప్పేవారు. వ్యాపారం మీద ఉత్తరంగా వెళ్ళినప్పుడు క్రైస్తవం మాట అతని చెవిన పడింది. వెతుక్కుంటూ వచ్చి, 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం పొందాడు. తర్వాత ఇంటికి వెళ్ళి తన పల్లెల్లో తనే చెప్పుకొచ్చాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరు వెళ్ళేసరికి ఒక గుంపు అన్నీ విని, ఆలోచించుకుని, సిద్ధంగా ఉంది. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికా సభల్లో ముప్ఫై ఏళ్ళు సాగిన తర్జనభర్జనలో మాదిగపల్లె ప్రస్తావన ఎక్కడుందో వెతకాలి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ తర్వాత ఈ గురుపరంపర గురించి విడిగా ఒక పుస్తకమే రాసింది. 1899లో అచ్చయిన ఆ పుస్తకానికి పేరు కూడా చెప్పులు కుట్టే పని మీదే పెట్టింది.

ఇక్కడే మిషన్‌కు కొత్త చిక్కు వచ్చింది. ఒంగోలులో బ్రాహ్మణులూ తక్కిన పైకులాలవాళ్ళూ క్లౌ దగ్గరకు వస్తూ పోతూ ఉండేవాళ్ళు. వాళ్ళ పిల్లలకు బడి కూడా ఉంది. మాదిగలు వచ్చారని తెలియగానే, వాళ్ళను చేర్చుకుంటే మేం రామని తేల్చి చెప్పారు. ముందు పైకులాలు వస్తే కిందివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారన్నది ఆ రోజుల్లో చాలా మిషన్ల నమ్మకం. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, ఆయన మొదటి భార్య మరో గదిలో, ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు తగిలిందని క్లౌ రాసుకున్నాడు. దేవుడు గొప్పవాళ్ళను కాక లోకం తీసిపారేసినవాళ్ళను ఎన్నుకున్నాడని చెప్పే చోటు అది. కాకతాళీయమనేవాళ్ళు అనుకోవచ్చు. మాదిగలు లోపలికి వచ్చారు, పైకులాలవాళ్ళు వెళ్ళిపోయారు. రావలసినవాళ్ళని తాము అనుకున్నవాళ్ళు ఎందుకు రాలేదన్న సంగతి మాత్రం ఆ మిషన్‌కు చివరిదాకా తేలలేదు.

వచ్చినవాళ్ళకూ సుఖం లేదు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. క్లౌ పెట్టిన షరతులివి. వినడానికి చిన్నవే. కానీ ఊళ్ళో పనికి వారాలతో నిమిత్తం లేదు, జాతరలో డప్పు కొట్టవలసింది మాదిగే. మానేస్తే రెడ్డికీ కరణానికీ కోపం. బావి మూసేశారు, అంగట్లో సరుకు ఇవ్వడం మానేశారు, దొంగకేసులు బనాయించారు. నమ్ముకున్న దేవుడు బావి ఎందుకు తెరిపించడని అడగడానికి వాళ్ళకు ఏ వేదాంతమూ అక్కర్లేదు.

అంతలో ధాత కరువు వచ్చింది. 1876లో వానలు మొహం చాటేశాయి, 1878 దాకా మద్రాసు రాజధాని అంతటా లక్షలమంది చచ్చిపోయారు. సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల కూలిని మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చేశాడు. ఆకలి వెనకే కలరా. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. పాత సర్వే విద్య అప్పుడు అక్కరకొచ్చింది. ప్రచారకులే మేస్త్రీలయ్యారు. ఒక్కొక్కరి కింద ఒక్కో కూలి జట్టు. గొయ్యి కొలత, తట్టల లెక్క, కూలి పంపకం అన్నీ వాళ్ళ చేతిమీదే జరిగేవి. మధ్యాహ్నం పని ఆగినప్పుడు జట్టు చుట్టూ చేరి మాట్లాడేది. పిల్లలు పోయారు, గొడ్లు పోయాయి, ఏం పాపం చేశామని అడిగేవాళ్ళు. ఎందుకన్నదానికి మేస్త్రీల దగ్గర మాత్రం ఏముంది? ప్రయాసపడి భారం మోసేవాళ్ళను రమ్మని పిలిచే సువార్త వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పేవాళ్ళు. తలమీద మట్టితట్టలు మోసి దించినవాళ్ళకు అది విడమర్చి చెప్పనక్కర్లేదు. కలత పడ్డ మనిషి దేవుణ్ణి నిలదీయడం బైబిలుకు కొత్త కాదు. యోబు అడిగాడు, హబక్కూకు అడిగాడు. యోబు అడిగినదానికి దేవుడు కారణం చెప్పకుండా ఎదురు ప్రశ్నలే వేశాడు.

క్లౌ చేసిన పనుల్లో అన్నిటికంటే విచిత్రమైనది కరువు నడుమ బాప్తిస్మాలు ఆపెయ్యడం. వేలమంది అడుగుతున్నారు. కూటి కోసం వచ్చారన్న నింద పడుతుందని, పడకపోయినా అది నిజమే కావచ్చునని ఆయన భయం. పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. ముప్ఫై ఏళ్ళు మనుషులు రావడం లేదని ఏడ్చిన మిషన్ ఇది! పంటలు తేరుకుని, పంచడానికి డబ్బు నిండుకున్నాక, 1878 వేసవిలో పల్లెలనుంచి వచ్చినవాళ్ళకు ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాడు. వాళ్ళు వెనక్కి తిరగలేదు. జులై మొదటివారంలో ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున మూడు రోజుల్లో 3,536 మందికి బాప్తిస్మం జరిగింది. మూడో తేదీ ఒక్కరోజే 2,222 మంది. తెలుగు ప్రచారకులే ఇద్దరిద్దరుగా నీళ్ళలోకి దిగి, అలిసిపోతే మరో ఇద్దరికి చోటిస్తూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పని నడిపారు. క్లౌ పర్యవేక్షించాడే తప్ప తను ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇంత తొందరేమిటని సాటి మిషనరీల్లోనే కొందరు తప్పుపట్టారు.

ఈ ఘట్టాన్ని ప్రార్థనకు దొరికిన ప్రతిఫలంగా చెప్పుకోవడం చర్చి ప్రసంగాల్లో మామూలు. అలా చెబితే కథ నున్నగా వస్తుంది, అందుకే అనుమానించాలి. శామ్యూల్ డే 1871లోనే చనిపోయాడు. గుండ్లకమ్మ ఒడ్డు ఆయన చూడలేదు. కరువులో పోయిన లక్షలమంది చావుకు ఏ ఆత్మీయ ప్రయోజనం అంటగట్టినా అది క్రూరత్వమే. 1853లో గానీ 1862లో గానీ నెల్లూరు పని మూసెయ్యమన్నవాళ్ళ లెక్కలో తప్పేమీ లేదు. చేతిలో ఉన్న వివరాలతో చూస్తే వాళ్ళదే సబబైన మాట. వద్దన్నవాళ్ళకు ఎంత తెలుసో నిలిచినవాళ్ళకూ అంతే తెలుసు. జ్యూయెట్ దగ్గర రహస్య సమాచారమేమీ లేదు. క్రైస్తవులు విశ్వాసమనేది ఈ అజ్ఞానం మధ్యనే కొండెక్కడాన్ని. తర్వాత వచ్చిన ఫలితాన్ని తీసుకెళ్ళి ఆ తెల్లవారుజామున వాళ్ళ చేతిలో పెడితే, వాళ్ళు పడ్డ కష్టాన్ని మనం తక్కువ చేసినట్టే.

ఇంకో పాతికేళ్ళకు, చెరకు తోటల్లో తేయాకు తోటల్లో కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నాటాల్ చేరిన తెలుగు బాప్టిస్టులు తమకొక కాపరి కావాలని కబురు పంపారు. 1903లో జాన్ రంగయ్య కుటుంబంతో ఓడెక్కి అక్కడికి వెళ్ళాడు. ఆయనను పంపింది అమెరికా బోర్డు కాదు, తెలుగు బాప్టిస్టులు తమకు తాముగా పెట్టుకున్న స్వదేశ మిషనరీ సంఘం.