ఔట్‌బోర్డు మోటారు: స్తంభన నిదానము

పడవ అమరమున వెలుపలివైపు బిగింపబడి, ఇంజను, గేరులు, ప్రొపెల్లరు ఏకాంగముగా నమరియుండు యంత్రమునకు ఔట్‌బోర్డు మోటారని పేరు. అమెరికాలోని మిల్వాకీ నగరమున ఓల్ ఎవిన్‌రూడ్ 1909 ప్రాంతమున దీనిని విక్రయింప నారంభించిన పిమ్మట నిది చిన్న పడవలకు ముఖ్యసాధనమయ్యెను. సులభముగా రగులుకొని, కొలదిసేపు తిరిగి, అంతలో నిలిచిపోవుట ఈ యంత్రమున తరచు గానవచ్చు దోషము.

కారణము. కార్బ్యురేటరు గల ఇంజనులో, తేలుబుడ్డ యమరిన చిన్న గిన్నెయందు కొంత పెట్రోలు నిలువయుండును. టాంకునుండి ధార తెగినను ఈ నిలువ తీరువరకు ఇంజను నడచును. కావున నారంభించిన స్వల్పకాలమునకే యంత్రము వేగము తగ్గి, తడబడి యాగినచో ఇంధనము చేరుట లేదనియు, దీప మార్పినట్లు చటుక్కున నాగినచో విద్యుద్దోష మున్నదనియు మొదట శంకింపదగును.

పరీక్షాక్రమము. టాంకు మూతపైనున్న గాలిమర తెరవనిచో లోపల పీడనము తగ్గి పెట్రోలు కదలదు గనుక, ప్రప్రథమమున దానినే చూడవలెను. అటుపిమ్మట, ఇంజను ఆగబోవు తరుణమున గొట్టము నడుమ నుండు రబ్బరు ప్రైమర్ బల్బును చేత నొక్కవలెను: అప్పు డింజను పుంజుకొనెనేని, పంపులోని డయాఫ్రమ్ చెడుటయో, గొట్టపు టతుకులనుండి గాలి చొరబడుటయో కారణమగును; బల్బు తనంతట లోనికి చొట్టపడెనేని, అడ్డంకి టాంకు వైపున నున్నది; బల్బు గట్టిగా నుండియు నింజను ఆగుచుండెనేని, ఫిల్టరునో కార్బ్యురేటరునో పరీక్షింపవలెను. చోక్ లాగినంతసేపే నడచు ఇంజనులో, నిలువపెట్రోలు జిగురై జెట్టు రంధ్రమును మూసియుండుట సంభవము. ఇథనాలు కలిసిన పెట్రోలు తేమను పీల్చుకొనును. నీరు మితిమీరినచో నది వేరుపడి టాంకు అడుగున చేరును.

ఇంధనము సరిగా నందుచుండగా, ఆగిన తక్షణమే ప్లగ్గునందలి నిప్పురవ్వను పరీక్షింపవలెను. చల్లగా నున్నపుడు పనిచేసి, వేడెక్కగానే విఫలమగు కాయిలు కలదు.

కిరసనాయిలు యంత్రములు. కేరళతీరపు మత్స్యకారులు వాడు కిరసనాయిలు మోటారులు పెట్రోలుతో నారంభమై, వేడెక్కిన పిదప కిరసనాయిలునకు మారును. వేడెక్కకమునుపే మార్చినచో, ఆవిరి కాని ఇంధనము చక్కగా మండక ఇంజను నిలిచిపోవును. ఇట్టిది నడుపుటలోని తొందరయేగాని యంత్రలోపము గాదు.

జాగ్రత్తలు. నీరందక నడపినచో శీతలీకరణపంపులోని రబ్బరుచక్రము త్వరలోనే పాడగును గనుక, పరీక్షకాలమున మోటారు క్రిందిభాగము నీట మునిగియుండవలెను. పెట్రోలు ఆవిరి చేరినచోట నిప్పురవ్వ పరీక్ష చేయరాదు.